మేం పీకిన గోల్‌పోస్ట్

నా నోరు మంచిది కాదు. నేనైతే ఒప్పుకోను గానీ మా ఆవిడ బ్లాంచ్ ముప్ఫై ఏళ్ళుగా ఇదే మాట అంటోంది, ఊరంతా అవునంటోంది, కాబట్టి నిజమే అయివుండాలి. హార్లో క్రీక్‌లో మెయిన్ స్ట్రీట్ మీద కటింగ్ షాపు నాది. ఎమిల్ వావ్రా అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మీద నా అభిప్రాయాలు తెలియనివాడు అసలే లేడు. నా కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ అవి వినిపించాకే వదులుతాను. గడ్డం కింద కత్తి ఉన్నప్పుడు ఎవడు మాత్రం కాదంటాడు?

మా జట్టు పేరు కొంగలు. ఏటా మార్చిలో ప్లాట్ నది ఇసుక తిప్పల మీద లక్షల కొంగలు దిగుతాయని ఎవడో మహానుభావుడు ఆ పేరు పెట్టాడు. మిగతా కాలేజీల వాళ్ళు ఎద్దులనీ తోడేళ్ళనీ పేర్లు పెట్టుకుని మా మీదికి వస్తారని ఆయనకు తట్టలేదు. డెబ్బై ఎనిమిది నవంబరు నాటికి మేం వరసగా ఇరవై ఆరు ఆటలు ఓడిపోయి ఉన్నాం. మాది బంతిని కాళ్ళతో తన్నుకుంటూ పోయే ఆట కాదు. బంతిని చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి పడదోసి, అవతలి గీత దాటాలి. బంతిని చంకలో పెట్టుకోవడం వరకూ మావాళ్ళు బాగానే చేసేవాళ్ళు.

దీనికంతటికీ కారణం కోచ్ డోరన్ ప్రిచెట్ అని నా అభిప్రాయం. మిస్సోరీ నుంచి వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదైన మనిషి. ఆ నెమ్మదే నాకు ఒళ్ళు మంట. కోచ్ అన్నవాడు టోపీ నేలకేసి కొట్టాలి, అరవాలి, రిఫరీ మీదికి పోవాలి. ఇతను చేతులు కట్టుకుని నిలబడి, ఓడిపోయిన కుర్రాళ్ళ భుజం తట్టి లోపలికి పంపేవాడు. వచ్చిన కొత్తలో నా దగ్గరికే కటింగ్‌కి వచ్చేవాడు. ఒకరోజు మెడ మీద సబ్బు రాస్తూ అతని ఆట గురించి నేననుకున్నదంతా ఒక్క మాట మిగల్చకుండా చెప్పేశాను. అంతా విన్నాడు. లేచి థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత కటింగ్ కోసం పాతిక మైళ్ళ అవతలి ఊరికి కారేసుకుని పోవడం మొదలుపెట్టాడు. బాగా తగిలిందిలే అని మొదట సంబరపడ్డాను. తర్వాత నాకే అవమానంగా తోచింది. ఈ ఊళ్ళో ఉంటూ ఎమిల్ దగ్గర జుట్టు కత్తిరించుకోనివాడు ఇంకెవడూ లేడు మరి.

స్టేడియంలో నా సీటు నలభై తొమ్మిది నుంచీ నాదే. ఇటుపక్క బ్లాంచ్, అటుపక్క సెడ్లాచెక్ ముసలాయన కూర్చునేవాళ్ళం. ఆయనకి కీళ్ళనొప్పులొచ్చి ఎండ ఉన్న అరిజోనాకి వెళ్ళిపోయాడు. ఆ సెప్టెంబరులో ఆయన సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, ఒళ్ళో దుప్పటి, పక్కన కాఫీ ఫ్లాస్కు. కొత్త మనిషి, పాపం ఆట తెలియదేమోనని నేనే పూనుకుని ఆవిడకి జ్ఞానబోధ చేశాను. మూడు ఆటల పాటు చేశాను. ప్రిచెట్ ఎందుకు పనికిరాడో వివరంగా చెప్పాను. ఆవిడ తలాడించేది, నాకు మూతలో కాఫీ పోసిచ్చేది. నాలుగో ఆటలో మావాళ్ళు బంతిని సొంత మనిషి వీపుకేసి కొట్టినప్పుడు నేనిక ఆగలేకపోయాను. ఆ కోచ్‌కి బుర్రన్నదే లేదమ్మా అన్నాను.

"అంతేనంటావా నాయనా?" అందావిడ. "చిన్నప్పుడు లెక్కల్లో బాగానే ఉండేవాడే."

బ్లాంచ్ వైపు తిరిగాను. అది రుమాలు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. దానికి రెండో ఆట నుంచే తెలుసట. చెబితే నేను నోరు మూసుకుంటానని చెప్పలేదట. అలా తెలిసింది నాకు, మూడు వారాలుగా నేను కొడుకుని తిట్టింది కన్నతల్లి దగ్గరని. ఆవిడ పేరు ఓపల్ ప్రిచెట్. దుప్పటి, టోపీ సర్దుకుని వేరే సీటుకి పోదామని లేచాను. ఆవిడ నా కోటు చెయ్యి పట్టుకుంది.

"కూర్చో నాయనా. వాడి గురించి అందరూ నా వెనకే అనుకుంటారు. నేను రాగానే నీళ్ళు నములుతారు. నువ్వే నయం."

కూర్చున్నాను. ఆ రోజు నుంచీ మేమిద్దరం స్నేహితులమయ్యాం. నేను మానకుండా తిడుతూనే ఉన్నాను, కాకపోతే కొంచెం మర్యాదగా తిట్టాను. ఆవిడ ఒక్కోసారి నాతో ఒప్పుకునేది కూడా. అక్టోబరులో మా కాలేజీ ప్రెసిడెంట్ పేపర్లో ఒక మాట ప్రకటించాడు. ఈ ఏడు ఒక్క ఆటైనా గెలవకపోతే కొత్త కోచ్‌ని చూసుకుంటామన్నాడు. ఆ వారం ఓపల్ గారు కాఫీ పొయ్యడం మరిచిపోయింది. అడిగితే మెల్లగా చెప్పింది. కొడుకు మారిన ఊళ్ళలో ఇది నాలుగోదట. పెళ్ళి చేసుకోలేదు, ఈవిడకి వేరే ఎవరూ లేరు. ఈసారైనా కుదురుకుంటాడని మిస్సోరీలో ఉన్న ఇల్లు కూడా వదిలేసి వచ్చింది. "ఇంకో ఊరు మారే ఓపిక నాకు లేదు. వాడితో అనకు. వింటే బెంగపడి ఆట మీద మనసు పెట్టడు," అంది. నేను ఎవరితోనూ అనలేదు. నేను ఒక విషయం ఎవరితోనూ అనకుండా ఉండడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. షాపులో ఎప్పటిలాగే ప్రిచెట్‌ని ఏకుతున్నాను, లోపల మాత్రం ఒక్కటి, ఒక్క ఆట గెలవరా నాయనా అని మొక్కుకుంటున్నాను. వాళ్ళు మరో నాలుగు ఓడారు. చివరికి మిగిలింది ఒకే ఒక్క ఆట, క్లేబర్గ్ కాలేజీ ఎద్దులతో. మాకూ క్లేబర్గ్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాళ్ళని ఓడిస్తే మా ఊళ్ళో ఒక ఆచారముంది. జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్ట్ పీకి, భుజాల మీద ఎత్తుకుని, మెయిన్ స్ట్రీట్ అంతా ఊరేగించి, ఏట్లో పడేస్తారు. పదకొండేళ్ళుగా ఆ భాగ్యం కలగలేదు. గోల్‌పోస్ట్ తుప్పు పట్టిపోయింది గానీ కదల్లేదు.

ఆ శనివారం ఉత్తరపు గాలి చెవులు కోసేస్తోంది. ట్రక్కుల వెనక తలుపులు దించి సాసేజ్‌లు కాలుస్తున్నారు. బ్లాంచ్ రెండు పళ్ళేల నిండా గసగసాలు కూరిన కొలాచీ బన్నులు తెచ్చింది. క్లేబర్గ్ వాళ్ళు బస్సులు దిగుతూనే, కొంగల్లారా ఇవాళైనా రెండో కాలు కింద పెడతారా అని వేళాకోళం మొదలుపెట్టారు. మా మాంసం కొట్టు లాడ్ హృష్కా వాళ్ళకి తగిన జవాబే ఇచ్చాడు, అది ఇక్కడ రాయలేను. లాడ్ నాకు బడి నుంచీ స్నేహితుడు. తలుపంత మనిషి, తెలివి మాత్రం అవసరానికి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఆట గురించి ఎంత చెప్పినా తనివి తీరదు గానీ క్లుప్తంగా చెబుతాను. మావాళ్ళు ఆడారు. నా కళ్ళని నేనే నమ్మలేదు. మూడేళ్ళుగా ప్రిచెట్ నల్లబల్ల మీద గీసి చూపించిన ఎత్తుల గీతలన్నీ ఆ రోజు ప్రాణం పోసుకున్నట్టు మావాళ్ళు ఎవరి చోటికి వాళ్ళు పరిగెత్తారు. ఆఖరి నిమిషంలో మాకు పదహారు, వాళ్ళకి పద్నాలుగు. బంతి వాళ్ళ చేతిలో ఉంది. ఓపల్ గారు నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు గుచ్చుకున్నాయి. క్లేబర్గ్ కుర్రాడు బంతిని దూరంగా విసిరాడు. అందుకోవాల్సినవాడు అందుకోలేదు. బంతి నేల మీద పడింది. బోర్డు మీద గడియారం సున్నా చూపించింది.

తర్వాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు. నాకప్పుడు అరవై ఒకటి, కుడి మోకాలు సరిగా వంగదు. అయినా కంచె దూకినవాళ్ళలో నేనే మొదటివాణ్ణని అందరూ ఒప్పుకుంటారు. నా వెనక లాడ్, వాడి వెనక ఊరు. పాస్టరుగారు పరిగెత్తాడు. కాలేజీ ప్రెసిడెంట్ పరిగెత్తాడు, ఆయన టోపీ ఎగిరిపోతే ఎవరో తొక్కేశారు. దగ్గరగా ఉన్న గోల్‌పోస్ట్ మీద పడ్డాం. రెండు ఇనప స్తంభాలు, మధ్యలో అడ్డకమ్మీ. ఒకటి రెండు మూడు అని ఊపుతుంటే అడుగున బోల్టులు పటపటా తెగాయి. అబ్బ, ఆ చప్పుడు. పదకొండేళ్ళ ఆకలి తీరిపోయింది. పోస్టుని ఎత్తుకుని పాడుకుంటూ గేటు దాకా వెళ్ళాం.

అప్పుడు మైకు పలికింది. అందరూ వెనక్కి రావాలట. ఆట ఇంకా అయిపోలేదట.

సంగతేమిటంటే, బంతి నేల మీద పడ్డప్పుడు ఇంకా రెండు సెకన్లు మిగిలే ఉన్నాయి. అక్కడ గడియారం ఆపాలి. ఆపాల్సినవాడు మా కెమిస్ట్రీ మాస్టారు. ఆయన మీట వదిలేసి కుర్చీ మీదెక్కి గంతులేస్తున్నాడు. రిఫరీకి ఇదంతా కనపడింది. రెండు సెకన్లు మళ్ళీ పెట్టించాడు. ఆట నడుస్తుండగా జనం మైదానంలోకి దిగారు కాబట్టి శిక్ష కింద బంతిని పదిహేను గజాలు మా వైపు జరిపాడు. మా ఆటలో గీత దాటలేనివాడు బంతిని గోల్‌పోస్ట్‌కేసి తన్నొచ్చు కూడా. అంతకుముందున్న చోటు నుంచి క్లేబర్గ్ వాడు తన్నితే బంతి సగం దూరం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు మాత్రం బాగా తన్నగలిగినవాడికి అందే దూరమే. గోల్‌పోస్ట్ రెండు స్తంభాల మధ్య నుంచి, అడ్డకమ్మీ మీదుగా బంతి పోతే వాళ్ళకి మూడు పాయింట్లు, మా కొంప మునిగినట్టే.

అయితే గోల్‌పోస్ట్ మా భుజాల మీద ఉంది. రిఫరీ మా ముందుకొచ్చి నిలబడ్డాడు. దాన్ని ఎక్కణ్ణించి పీకారో అక్కడే పది నిమిషాల్లో నిలబెట్టాలన్నాడు. లేకపోతే ఆట క్లేబర్గ్‌దే అన్నాడు. మాకు తల కొట్టేసినట్టయింది. స్మశానం దాకా మోసుకెళ్ళిన మనిషి పాడె మీద లేచి కూర్చుంటే, మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో మా మొహాలూ అలాగే ఉన్నాయి. క్లేబర్గ్ వాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. నేను పైకి చూశాను. అంత జనంలో ఓపల్ గారొక్కతే ఇంకా తన సీట్లో కూర్చుని ఉంది. మూడేళ్ళు ఆ కోచ్‌ని తిట్టినవాణ్ణి, ఆఖరికి అతని కొంప ముంచింది నేనే కదా అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పోస్టు కాళ్ళు రెండూ సిమెంటు గుంటల్లో దించాం. బోల్టులు లేవు కదా, గాలికి ఊగిపోతోంది. ఒక్కో స్తంభాన్ని పదేసి మందిమి కావలించుకుని పట్టుకున్నాం. రిఫరీ దూరం నుంచి ఒక కన్ను మూసి చూసి, కొంచెం ఎడమకి, ఇంకొంచెం అని చెప్పి సరే అన్నాడు. కుడి స్తంభం దగ్గర అందరికన్నా ముందు నేను, నా వెనక లాడ్. నా చెంప చల్లటి ఇనుముకి ఆనించి ఉంది.

లాడ్ నా చెవిలో గుసగుసలాడాడు. బంతి వచ్చేటప్పుడు ఒక్క జానెడు లోపలికి వంచితే చాలన్నాడు. గాలి ఎలాగూ ఊపుతోంది, ఎవడికి తెలుస్తుందన్నాడు. జీవితంలో వాడికి తట్టిన ఒకే ఒక్క తెలివైన ఆలోచన అది. నిజం చెబుతున్నాను, నాకు బాగానే నచ్చింది. పైన ఒంటరిగా కూర్చున్న ఆ ముసలావిడ కళ్ళలో మెదిలింది. ఇంతసేపూ మేమందరం చేసిన పాపం ఒక్క జానెడుతో కొట్టుకుపోతుందనిపించింది. సరేరా అన్నాను.

అప్పుడు ప్రిచెట్ మైదానం మధ్య నుంచి మా వైపు నడిచొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. ఆ రోజు అరిచినా నేను పడేవాణ్ణే. రెండేళ్ళ తర్వాత అతన్ని అంత దగ్గరగా చూడడం అదే. జుట్టు ఎవడో అడ్డదిడ్డంగా కత్తిరించాడు. నా ముందు ఆగి, నా మొహంలోకి చూసి, లాడ్ మొహంలోకి చూశాడు. లాడ్ మొహంలో ఏదీ దాగదు.

"వావ్రా గారూ, నిటారుగా పట్టుకోండి," అన్నాడు. "మూడేళ్ళుగా ఈ పిల్లలు నా మాట విని దెబ్బలు తిన్నారు. ఇవాళ గెలిచారో లేదో వాళ్ళకి ఖాయంగా తెలియాలి. మీరు కదిపితే ఎప్పటికీ తెలియదు."

మీ ఉద్యోగం మాటేమిటన్నాను. నోరు ఊరుకోదు కదా.

"అది నా సంగతి. పోస్టు సంగతి మీరు చూడండి."

అని వెనక్కి వెళ్ళిపోయాడు, అదే నెమ్మదితో. ఎవరి నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండేదో, అతని వెనక నేనా క్షణం ఎక్కడికైనా పోయేవాణ్ణి. లాడ్‌తో చెప్పాను, ఒరేయ్, ఇది వెంట్రుకవాసి కదిలినా నీ గొంతు నా కుర్చీలో ఉన్నప్పుడు గుర్తుంచుకో అని. వాడు ఎందుకో ఏమిటో అడగలేదు. స్తంభాన్ని ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. అటు స్తంభం దగ్గర పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. ప్రెసిడెంట్ బోడిగుండు గాలికి ఎర్రబడిపోయింది.

క్లేబర్గ్ కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వేశాడు. అంతమంది ఉన్నా మైదానంలో గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. ఎవరిదైనా ఒప్పుకోవాలి, మంచి తన్ను. బంతి లేచింది, తిరుగుతూ తిరుగుతూ తిన్నగా మా వైపే వస్తోంది. లోపలికే వస్తోందనుకున్నాను. నా చేతులు వాటంతటవే ఇనుముని అటు నెట్టబోయాయి, దేవుడి సాక్షిగా చెబుతున్నాను. పళ్ళు బిగించి ఆపుకున్నాను. గాలి బంతిని కొంచెం పక్కకి తోసింది. బంతి వచ్చి నా నెత్తికి పైన, అదే స్తంభానికి ఠంగున తగిలింది. ఆ అదురు నా చేతుల్లోంచి భుజాల్లోకి, అక్కణ్ణించి దవడల్లోకి పాకింది. పై పళ్ళ సెట్టు ఊడి నాలిక మీద పడింది.

బంతి వెనక్కి ఎగిరి మా ముందు గడ్డిలో పడి దొర్లింది.

రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. కాలేదు. పోయింది. గెలిచాం. అయినా మాలో ఒక్కడూ కదల్లేదు. ఇరవైమందిమి పోస్టుని వాటేసుకుని అలాగే నిలబడిపోయాం. ఒకసారి దెబ్బతిన్నవాళ్ళం కదా. రిఫరీ దగ్గరికొచ్చి, అయిపోయిందయ్యా ఇక వదలండి అన్నాడు. నిజంగానేనా అని పాస్టరుగారు అడిగాడు. గడియారం చూపించండన్నాడు లాడ్. రిఫరీ బోర్డు వైపు చెయ్యి చూపించి, అంత కోపిష్టి మనిషీ నవ్వేశాడు.

ఆ తర్వాత లేచిన అరుపు పక్క జిల్లాలో కూడా వినపడిందట. కుర్రాళ్ళు ప్రిచెట్‌ని భుజాల మీదికెత్తారు. అతను దింపండ్రా అని బతిమాలుకుంటున్నాడు, అప్పుడు కూడా గొంతు పెంచలేదు. ప్రెసిడెంట్ వాళ్ళ వెంట పరిగెత్తి, పైకి చెయ్యి చాచి అతని బూటు పట్టుకుని, వచ్చే ఏడు కూడా నువ్వేనయ్యా, పేపర్లో వేయిస్తానని అందరూ వినేటట్టు అరిచాడు. అది విని నేను ఏడ్చాను. గాలికి కళ్ళు నీళ్ళు కారాయని అప్పుడు చెప్పాను గానీ, ఏడ్చాను. గోల్‌పోస్ట్‌ని లాడ్ వాళ్ళు మళ్ళీ పీకారు. ఈసారి పీకడానికి పెద్దగా కష్టపడలేదు.

వాళ్ళతోపాటు నేనూ ఒక చెయ్యి వేయబోతుంటే ఓపల్ గారు మెట్లు దిగి వచ్చింది. బ్లాంచ్ ఒకపక్క పట్టుకుంది. ఆవిడ గడ్డి మీద నా ముందు నిలబడి, ముందు కొడుకు వైపు చూసింది, తర్వాత నా వైపు తిరిగింది. దుప్పటి నేల మీద జీరాడుతోంది, చూసుకోనేలేదు. మొహం నిండా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు. నన్ను వంగమని సైగ చేసింది. వంగాను.

"ఎవరితోనూ అననులే. నిజం చెప్పు నాయనా, కదిపావా?"

నోట్లో పళ్ళు సర్దుకుని, లేదమ్మా, ఒట్టు, వెంట్రుకవాసి కూడా కదపలేదన్నాను. కదపాలనుకున్న మాట నిజమేననీ, మీ అబ్బాయే వచ్చి వద్దన్నాడనీ చెప్పాను. ఆవిడ మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. అటు మైదానం మధ్యలో, దింపండ్రా అంటున్నవాణ్ణి కుర్రాళ్ళు ఇంకా పైకే ఎగరేస్తున్నారు.

"వాడు చిన్నప్పటి నుంచీ ఇంతే," అంది ఓపల్ గారు, ముక్కు తుడుచుకుంటూ. "నేనైతే ఊపేసేదాన్ని."